మా నాన్న పారేసిన బెల్టు

నా చిన్నప్పుడు మా నాన్న చేతులు వణకడం ఒకే ఒక్కసారి చూశాను. గడియారాలు బాగుచేసే మనిషి చేతులు వణికితే ఇంట్లో పొయ్యి వెలగదని మా అమ్మ అనేది. ఆ రోజు వణికింది తిండి భయంతో కాదు.

ఫాక్‌లాండ్ రోడ్డు మలుపులో, ఒక చాయ్ హోటలు గోడకు ఆనుకుని మా నాన్న బల్ల ఉండేది. దుకాణం అనడానికి లేదు. పైన అద్దం బిగించిన చెక్క పెట్టె, ఒక స్టూలు, ఎండకు అడ్డంగా తాడుతో కట్టిన గొడుగు, అంతే. మా తాతల తరం పాలమూరు నుంచి వచ్చి ఈ మహానగరంలో ఇటుకలూ సిమెంటూ మోసింది. మా నాన్నకు మాత్రం చిన్నప్పటి నుంచీ సన్నపని మీదే చూపు. కామాటిపురాలో చిన్న చిన్న గదుల వరసలతో ఉండే మా చాల్ నుంచి ఆ బల్ల దగ్గరికి నడిచే వెళ్ళేవాళ్ళం. సెలవు రోజుల్లో నాన్నకు అన్నం డబ్బా తీసుకెళ్ళి, హోటలు మెట్టు మీద కూర్చుని ఆయన పని చూస్తూ ఉండేదాన్ని.

మా చాల్ కింది అంతస్తులో ఒక పెద్దమ్మ ఉండేది. మాకు చుట్టం కాదు గానీ అక్కడి పిల్లలందరికీ ఆమె పెద్దమ్మే. ఆమె పెద్ద కొడుకు ఒక సేఠ్ దగ్గర కారు నడిపేవాడు. ఆ సేఠ్ ఏదో సంతోషంలో తన చేతికున్న విదేశీ గడియారమే విప్పి అతనికి ఇచ్చేశాడట. అసలైన బంగారం. మా చాల్ మొత్తంలో అలాంటి వస్తువు మరొకటి లేదు. ఆ అన్నయ్య సాయంత్రాలు కొళాయి దగ్గర నిలబడి, అవసరం లేకపోయినా చెయ్యి ఊపుతూ మాట్లాడేవాడు. మణికట్టు మరీ సన్నం. బెల్టుకున్న చిల్లులు సరిపోక, మేకు కాల్చి తనే ఇంకొకటి పొడుచుకున్నాడు. పెళ్ళీడు వచ్చాక కామెర్లు సోకి, చూస్తుండగానే పోయాడు.

మరుసటి ఏడు ఆమె చిన్న కొడుక్కి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు అన్న గడియారం పెట్టుకోవాలని అందరూ అనుకున్నారు. బెల్టు చూస్తే పగుళ్ళు బారి తెగడానికి సిద్ధంగా ఉంది. పెద్దమ్మ ఆ గడియారాన్ని కొంగున ముడేసుకుని స్వయంగా మా నాన్న బల్ల దగ్గరికి వచ్చింది.

“తమ్మీ, పిల్లగాడు పెండ్లికి పెట్టుకుంటడు. మంచి బెల్టెయ్యి. పైలం,” అని చెప్పి వెళ్ళింది.

నాన్న కంటికి భూతద్దం తగిలించుకుని పని మొదలుపెట్టాడు. పాత బెల్టు విప్పి, బల్ల కింద చెత్త వేసే డబ్బాలో పడేశాడు. కొత్తది బిగించేటప్పుడు చేతిలోని సన్నమొన పనిముట్టు జారింది. చప్పుడు కూడా రాలేదు. కానీ ఆ బంగారం అంచు మీద, వెంట్రుక పడినట్టు, ఒక గీత మెరిసింది. నాన్న గుడ్డతో తుడిచాడు. అది వెంట్రుక కాదు. మళ్ళీ తుడిచాడు. అప్పుడే ఆయన వేళ్ళు వణకడం చూశాను.

పక్కన తాళాలు చేసే ఆయన తొంగి చూసి, “ముసల్దానికి ఏం కనవడ్తది భాయ్, ఊకో,” అన్నాడు. నాన్న పట్టపగలే బల్ల మూసి, నా చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టాడు.

పెద్దమ్మ తన ఒంటిగది ఖోలీలో కూర్చుని పెళ్ళికి పసుపుకొమ్ములు ఏరుతోంది. ఎదురుగా గోడ మీద దండ వేసిన కొడుకు ఫోటో. నాన్న గడప లోపలికి కూడా వెళ్ళలేదు.

“అక్కా, నా చెయ్యి జారింది. నీ కొడుకు గడియారానికి గీత పడ్డది. నువ్వేమన్నా పడ్త,” అన్నాడు.

ఆమె గడియారం అందుకుంది. గీత కోసం వెతుకుతుందనుకున్నాను. వెతకలేదు. కొత్త బెల్టును అటూ ఇటూ తిప్పి చూసి తలెత్తింది.

“పాత బెల్టేది తమ్మీ?”

నాన్నకు వెంటనే అర్థం కాలేదు. “పాడైంది గదా అక్కా. పారేసిన.”

పెద్దమ్మ పసుపుకొమ్ములున్న చేటను పక్కకు జరిపి, గోడకు ఆనుకుంది.

“దవాఖానల పండినప్పుడు సుత వాడు చేతికెల్లి తియ్యలే. వాని చెమట దాంట్లనే ఉండె. రోజు లేవంగనే దాన్నే ముక్కు కాడ పెట్టుకుంటుంటి,” అంది, మాతో కాదు, ఫోటోతో చెబుతున్నట్టు.

నాన్న వెనక్కి తిరిగి పరుగులాంటి నడకతో పోయాడు. నేను వెంట పరిగెత్తాను. మేం బల్ల దగ్గరికి చేరేసరికే ఊడ్చే మనిషి ఆ చెత్త డబ్బాను గల్లీ మొగలో ఉన్న కచ్రా కుండీలో గుమ్మరించేశాడు. నాన్న చొక్కా చేతులు పైకి మడిచి, అందరూ చూస్తుండగా ఆ కుప్పలో చేతులు పెట్టాడు. తెలిసినవాళ్ళు ఆగి ఏం పోయిందని అడుగుతున్నారు. బంగారమా అని ఒకాయన అడిగాడు. నాన్న ఇంకా లోతుకు చేతులు దూర్చాడు. నేనూ ఒక పుల్ల తీసుకుని కెలికాను. చాయ్ పొడి, గుడ్డు పెంకులు, తడిసిన కాగితాలు.

దీపాలు వెలిగే వేళకు ఒక నల్ల బెల్టు దొరికింది. నాన్న ముఖం ఒక్కసారి వెలిగింది. నేను దాన్ని నా గౌనుకు తుడిచి చూశాను.

“నాయినా, దీనికి మేకు చిల్లు లేదు.”

“ఎరికే బిడ్డా,” అన్నాడు. అయినా దాన్ని పారేయలేదు. జేబులో పెట్టుకున్నాడు. ఉత్త చేతులతో ఆ గడప ముందు నిలబడలేకపోయాడేమో.

పెద్దమ్మ మేము వదిలి వెళ్ళిన చోటే కూర్చుని ఉంది. నాన్న బెల్టు చాపాడు. ఆమె ముందు మోచేతుల దాకా మురికి పట్టిన ఆయన చేతుల్ని చూసింది. తర్వాత బెల్టు తీసుకుని, బొటనవేలితో ఒక్కో చిల్లూ తడుముతూ వెళ్ళింది. మేకు చిల్లు ఉండాల్సిన చోట వేలు ఆగింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. అందులో కచ్రా వాసన తప్ప ఏముంటుంది?

“అక్కా, ఇది...” అని నాన్న నోరు తెరిచాడు.

“ఇదే తమ్మీ,” అంది ఆమె, మాట పూర్తి కానీయకుండా. “నా కొడుకుదే. ఇగ దేవులాడకు. పో, చేతులు కడుక్కోని ఇంత బువ్వ తిను.”

మెట్లెక్కుతూ, పెద్దమ్మకు తెలియలేదా అని అడిగాను. నాన్న మెట్టు మీద ఆగాడు.

“తెల్సింది బిడ్డా. తెల్సే అన్నది.”

పెళ్ళి బాగానే జరిగింది. పెళ్ళికొడుకు చేతి గడియారం మీద గీతను ఎవరూ గమనించలేదు. పెద్దమ్మ ఆ బెల్టును ఫోటో పక్కన మేకుకు తగిలించింది. ఎవరి చేతిదో తెలియని బెల్టు. ఎవరైనా అడిగితే నా కొడుకుదనే చెప్పేది. ఆ ఖోలీకి వెళ్ళినప్పుడల్లా అది నన్నే చూస్తున్నట్టుండేది. దాన్ని పెట్టుకున్న మనిషి ఎవరో, ఎక్కడున్నాడో, బతికున్నాడో లేడో అని కలల్లో కూడా వెతికేదాన్ని. నాన్న ఆ తలుపు ముందు నుంచి తల వంచుకుని వెళ్ళబోతే ఆమె పిలిచి మరీ చాయ్ పోసేది. ఆ బెల్టు ఎదురుగానే కూర్చుని ఆయన తాగేవాడు. ఆమె పోయేదాకా అలాగే నడిచింది. ఆ తర్వాత కూడా నాన్న ఎవరి పాత బెల్టునూ పారేయలేదు. కాగితంలో చుట్టి వాళ్ళ చేతికే ఇచ్చేవాడు. ఇదెందుకయ్యా అని నవ్వినా ఊరుకునేవాడు.

ఇప్పుడు మా చాల్ లేదు. నేను కొడుకు దగ్గర ఉంటున్నాను. ఆమధ్య మా కోడలు నా ముక్కుపుడక కడుగుతుంటే అది మోరీలో పడి కొట్టుకుపోయింది. మా అమ్మ నాకు మిగిల్చి వెళ్ళిన ఒకే ఒక వస్తువు. రెండు రోజుల తర్వాత ఆ పిల్ల అలాంటిదే ఇంకొకటి తెచ్చి, “దొరికింది అత్తమ్మా,” అంది. రాయి రంగులోనే తేడా తెలిసిపోయింది. కానీ నేను అప్పటికే ఏడ్చి ఉబ్బిన ఆమె కళ్ళు చూశాను. “అమ్మయ్య, దొరికిందా,” అని తీసుకుని పెట్టుకున్నాను.

అద్దం ముందు నిలబడిన ప్రతిసారీ అది మా అమ్మది కాదని గుర్తుకొస్తుంది. “నా కొడుకుదే” అని ఆ ఒక్క మాట అన్నాక పెద్దమ్మ రోజూ పొద్దున్నే లేచి ఎలా బతికిందో, ఈ వయసులో నాకు కొంచెం కొంచెంగా తెలుస్తోంది.