బేసిన్ కింద చిరుత అడుగు

"పెద్దమ్మా, పాప ఏడిస్తే చిరుత వస్తుందా?"

"వస్తే ఇంకేం కావాలి అమ్మాయ్! ఏడాదిగా బతిమాలుతున్నా, ముఖం చూపించడం లేదు."

పాపను ఛాతీకి కట్టుకుని అడవి చూడ్డానికి వచ్చిన ఆ తల్లికి నవ్వు రాలేదు. ఆమె మట్టి గురించి పెద్ద చదువే చదివింది. బిడ్డ పుట్టాక ఆ తెలివంతా తుమ్ములను అనుమానించడానికే సరిపోతోంది.

పెద్దమ్మ ఇరవయ్యేళ్లు ఈ అడవిలో కట్టెలు ఏరి అమ్మింది. రక్షిత అడవి అని కంచె వేశాక ఆ కూడు పోయింది. అప్పుడు పన్నెండుమంది ఆడవాళ్లను కూడగట్టి, వచ్చినవాళ్లకు అడవి చూపించే పని సంపాదించింది. ఆ పనికిచ్చిన అనుమతి గడువు ఆ నెలతో సరి. కొనసాగించాలో వద్దో తేల్చే అధికారి ఆ రోజు పెన్ను పట్టుకుని వాళ్ల వెనకే నడుస్తున్నాడు.

రెండు గంటలైనా ఉడుత కూడా కనబడలేదు. అధికారి వాచీ చూసుకున్నాడు. పెద్దమ్మ వాగు ఒడ్డున ఆగి, గొంతు తగ్గించి నేల చూపించింది.

"చిరుత అడుగు సార్. పొద్దున్నే వెళ్లినట్టుంది."

తల్లి వంగి చూసింది. భయంలో ఆమె నోటికి అదుపుండదు. "పొద్దున్నా? మట్టి ఎండి బీటలు వారింది, వారమైనా అయ్యుంటుంది. చుట్టూ ఈ గుండ్రటి గీత ఏంటి?"

అన్నాక నాలుక కరుచుకుంది. పన్నెండు పొయ్యిల్లో తనే నీళ్లు పోసినట్టయింది.

పెద్దమ్మ తొణకలేదు. "వారం కాదు సార్, పది రోజులు. రోజూ సాయంత్రం బేసిన్ బోర్లించి కాపాడుతున్నా. మీరొస్తున్నారని మాకు ఉత్తరం వచ్చింది గానీ, చిరుతకు రాలేదు కదా!"

అధికారి ముఖం గంభీరంగా ఉంచుకోవడానికి నానా తంటాలు పడ్డాడు. ఈలోగా పాప కిందికి చెయ్యి చాచి కిలకిలా నవ్వింది. పేడపురుగొకటి తనకు రెండింతలున్న ఉండను వెనక కాళ్లతో గట్టు మీదికి తోస్తోంది. జారుతోంది, మళ్లీ తోస్తోంది.

"వీడొక్కడు మాత్రం సెలవు పెట్టడు సార్," అంది పెద్దమ్మ.

అధికారి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఉండ గట్టు దాటేదాకా లేవలేదు. లేచి ప్యాంటు దులుపుకుని, అనుమతి కాగితం మీద సంతకం పెట్టాడు. "ఆ బేసిన్ ఇంటికి తీసుకెళ్లు. ఇక వీణ్ణి చూపించు."

గేటు దగ్గర తల్లి తల దించుకుంది. "నోరు జారాను పెద్దమ్మా."

"మంచిదేలే, రోజూ ఆ బేసిన్ మోయలేక చస్తున్నా. ఒక మాట విను అమ్మాయ్. భయమేస్తే దూరం చూడకు, కాళ్ల దగ్గర చూడు. అక్కడ ఎవరో ఒకరు పని చేసుకుంటూ ఉంటారు."

ఇప్పుడు పాప ఇల్లంతా పాకుతోంది. మొన్న వరసగా తుమ్మింది. థర్మామీటరు కోసం పరుగెత్తబోయిన తల్లి, ఆగి, కాళ్ల దగ్గర చూసింది. మిరియాల పొడి డబ్బా మూత తీసి, పాప దీక్షగా పని చేసుకుంటోంది.