బోర్డు మీది మొదటి బొమ్మ

షాహీదా పాలిటెక్నిక్‌లో సర్క్యూట్ల పాఠం చెబుతుంది. భవానీపురం నుంచి బస్సులో వస్తుంది. చున్నీ అంచుకు ఎప్పుడూ సుద్దపొడి ఉంటుంది. బోర్డుకు ఎడమవైపు చిక్కుముడిలాంటి సర్క్యూట్ గీసి, రెండు రెసిస్టర్లకు బదులు ఒకటి, దానికీ పక్కదానికీ కలిపి మరొకటి పెడుతూ కుడివైపుకు జరుగుతుంది. చివరికి ఒక బ్యాటరీ, ఒకే రెసిస్టర్ మిగులుతాయి. పిల్లలు హమ్మయ్య అనుకుని పుస్తకాలు మూసేలోగా గబగబా మళ్లీ ఎడమవైపుకు నడుస్తుంది. ఆ మొదటి బొమ్మను డస్టర్ తాకనివ్వదు. "బ్యాటరీ లెక్కకి ఆ చివరి ఒక్కటి చాలు. కానీ వీటిలో ఏది కాలిపోతోందో అది చెప్పదు. వెనక్కి రండి," అంటుంది, కాస్త విసుగ్గానే.

ఊరిని ముంచిన వరద తగ్గాక, చేనేత ఇంటి పిల్ల మల్లీశ్వరి చాలా రోజులకు క్లాసుకు వచ్చింది. అందరూ వెళ్లిపోయాక షాహీదా ఇంట్లోవాళ్ల గురించి అడిగింది.

"అందరం బాగానే ఉన్నామండీ," అంది మల్లీశ్వరి వెంటనే.

షాహీదా సుద్దముక్క బల్లమీద పెట్టి ఆ పిల్ల పక్కన కూర్చుంది. "అందర్నీ కలిపేసి చెప్పావు. ఒక్కొక్కళ్ల గురించీ చెప్పమ్మా."

అమ్మకు జ్వరం తగ్గిందంది. తమ్ముడు స్కూలుకు వెళ్తున్నాడంది. తర్వాత బోర్డు మీది మొదటి బొమ్మ వైపు చూసింది.

"కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం గుంటలో నీళ్లన్నీ తోడేశామండీ. నాన్న రోజూ పొద్దున్నే దాని అంచున కూర్చుంటున్నాడు. కాళ్లు మాత్రం లోపలికి దించట్లేదు."