నుదుటి మీద వంగపండు రంగు గుడ్డ

ఇన్నేళ్లూ ఇది రాయలేకపోవడానికి కారణం చిన్నదే. నాకు అక్షరాలు వచ్చేవి కావు. మేమున్న మలేసియా రబ్బరు ఎస్టేటులో తమిళ బడి ఉండేది. అందులో కొన్నాళ్లు కూర్చున్నాను. అమ్మ తెల్లారకముందే రబ్బరు పాలు గీయడానికి వెళ్లిపోయేది. తమ్ముళ్లను చూసేవాళ్లు లేక నన్ను బడి మాన్పించారు. ఇంట్లో మాట్లాడింది తెలుగే, కానీ ఆ తెలుగును కాగితం మీద ఎవరూ చూపించలేదు. ఇప్పుడు క్లాంగ్‌లో ఆదివారాలు జరిగే తెలుగు తరగతిలో, నా మనవరాలి కంటే చిన్న పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఒత్తుల దగ్గర ఇంకా తడబడతాను.

రాయడం వస్తే ముందు మా నాన్న ముఖం రాయాలనుకునేదాన్ని. నా చిన్నప్పుడే పోయాడు. ఆయన ఫోటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు. గుర్తింపు కార్డు మీద ఉన్న బొమ్మ, ఆయన పోయాక కార్డుతో పాటే సర్కారు ఆఫీసుకు వెళ్లిపోయింది. ఆయన చేతులు గుర్తున్నాయి, చొక్కాకు అంటిన రబ్బరు పాల వాసన గుర్తుంది. ముఖం మాత్రం ఎంత పిలిచినా రాదు.

నాన్న ఎస్టేటు వీధి నాటకంలో రాణి వేషం కట్టేవాడు. అందుకోసమే జుట్టు పెంచుకునేవాడు. ఒక ఏడాది నాకు జ్వరం ఎంతకీ తగ్గకపోతే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడు. నేను లేచి కూర్చోగానే వెళ్లి గుండు చేయించుకున్నాడు. ఆట దగ్గరపడిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. దొరికిన సవరాలన్నీ కలిపి తలకు కట్టినా ముందువైపు బోడి నుదురు మెరుస్తూనే ఉంది.

"రాణిగారికి బట్టతలేటి?" అని మేళం వాళ్లు నవ్వుతుంటే, అమ్మ తన వంగపండు రంగు చీర చెంగు చించి ఆయన నుదుటికి కట్టింది.

"ఇప్పుడు నవ్వండి, సూద్దాం" అంది.

ఆ గుడ్డ నాకు బాగా గుర్తుంది. దాని కింద ముఖం ఉండాల్సిన చోట పెట్రోమాక్స్ వెలుగే ఉంది.

మొన్న మనవరాలు కాలేజీ పని మీద కౌలాలంపూర్‌లో జపాను బొమ్మల ప్రదర్శన చూడ్డానికి వెళుతూ నన్నూ రైలెక్కించింది. చెక్క మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద ఒత్తిన పాతకాలపు బొమ్మలు. కబుకి అని వాళ్ల నాటకం ఒకటి ఉందట. అందులో వేషాలు కట్టినవాళ్ల ముఖాలు అవి. ఒక బొమ్మ దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. నల్లటి కొప్పు, సన్నటి కళ్లు, నుదుటి మీద వంగపండు రంగు గుడ్డ.

"అది ఆడమనిసి కాదు లా, అమ్మమ్మా" అంది మనవరాలు గోడ మీది ఇంగ్లీషు చదువుతూ, ఇక్కడి పిల్లలందరిలా మాట చివర 'లా' తగిలించి. "మగోడు. ఆడ వేసం."

"ఆ గుడ్డేటే?"

"వేసగాళ్లు ముందువైపు జుట్టు గీసీయాలంట, అప్పటి రూలు. అది కనపడకుండా కప్పుకున్నారంట."

నేను ఆ గుడ్డకేసి ఇంకాస్త దగ్గరగా వంగాను. మనవరాలు బొమ్మను చూసి, నన్ను చూసి, నవ్వింది.

"ఆ దవడ సూడు, ఎంతుందో. అచ్చం నీదే లా."

"నోర్ముయ్యే పిల్లా. ఇది మా నాన్న దవడ. నాకొచ్చిందని మా అమ్మ ఊరికే ఏడిపించీది."

ఆట చూసినవాళ్లు ఆ బొమ్మలు కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లేవారట. ఎంత ఆడ వేషమైనా ఆ పెద్ద దవడను దాచకుండా చెక్కారు. మావాళ్ల చేతులు మాత్రం తక్కువవా? చెట్టుకు దెబ్బ తగలకుండా బెరడును సన్నగా గీసిన చేతులు. వాళ్లలో ఒక్కరు ఆ కత్తితో ఒక్క చెక్క మీద మా నాన్నను గీసి ఉంటే ఎంత బాగుండేది. రైల్లో తిరిగొస్తున్నంతసేపూ అదే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న అందరూ పనులకు వెళ్లాక, బీరువాలోంచి వంగపండు రంగు జాకెట్టు గుడ్డ తీశాను. అద్దం ముందు నిలబడి, జుట్టు వెనక్కి దువ్వి, నుదుటి మీద కట్టుకున్నాను. నా కళ్లు అమ్మవి. కళ్లజోడు తీసేస్తే అవి మసకలో కలిసిపోయాయి. గుడ్డ మిగిలింది, దవడ మిగిలింది. కదిలితే పోతాడేమోనని చాలాసేపు అలాగే నిలబడ్డాను.

తర్వాత గుడ్డ విప్పకుండానే కళ్లజోడు పెట్టుకుని, కూర్చుని, ఇది రాయడం మొదలుపెట్టాను.