అమాస నాటి బస్సు

1962 జూన్‌లో నన్ను మహబూబ్‌నగర్‌లోని ఒక ప్రభుత్వ కళాశాలకు రసాయనశాస్త్రం లెక్చరరుగా వేశారు. చేరిన వారానికే హాస్టలు వార్డెను పని కూడా నెత్తిన పెట్టారు. భార్యా కూతురూ దేవరకొండలో, నేను హాస్టలు వరండా చివరి గదిలో. ఒంటరిగా ఉన్నవాడికి వేరే పనేముంటుందని ప్రిన్సిపాలుగారు అనుకున్నట్టున్నారు.

హైస్కూలు దాటినవాళ్లు అప్పట్లో ముందు పి.యు.సి. చదవాలి. యూనివర్సిటీ చదువులో అదే మొదటి ఏడాది. ఊళ్లో తెలుగులోనో ఉర్దూలోనో చదువుకుని వచ్చినవాళ్లకు ఇక్కడ పాఠాలన్నీ ఒక్కసారిగా ఇంగ్లీషులో మొదలయ్యేవి. ప్రతి పీరియడులో పేరు పిలిచి హాజరు వేసేవాళ్లం. నూటికి డెబ్బై ఐదు పాళ్లు హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. కొంచెం తగ్గితే మాఫీ చేసే అధికారం ప్రిన్సిపాలుకు ఉండేది. మాఫీకి రెండే కారణాలు చెల్లేవి, జబ్బు లేదా ఇంటి అవసరం. ఇంటి అవసరమైతే తండ్రి స్వయంగా వచ్చి చెప్పాలి, ఆ మాట రాసిన కాగితం కింద వార్డెను సిఫారసు చేస్తూ సంతకం పెట్టాలి.

ఆ ఏడు చేరినవాళ్లలో మార్కండేయులు ఒకడు. కొల్లాపూర్ దగ్గరి ఊరు, నేతపని ఇల్లు. అమావాస్య నాడు వాళ్లు మగ్గం ఎక్కరు, నెలకు అదొక్కటే సెలవు. జూలైలో అమావాస్యకని ఇంటికి వెళ్లినవాడు నాలుగు రోజులకు తిరిగొచ్చాడు. పడుగు పని పడిందన్నాడు. పడుగంటే నిలువు పోగులు. వాటిని వీధి పొడవునా సాగదీసి గంజి పట్టించాలంటే ఇంటిల్లిపాదీ చేతులు వేయాలి. నిజమే కదా అని ఊరుకున్నాను. ఆగస్టులో వారం పోయాడు. దసరా ముందు పది రోజులు. ప్రతిసారీ పడుగే.

నేను కోపిష్టిని. అతణ్ని గదికి పిలిచి గట్టిగా తిట్టాను. ఇప్పుడు దాచడమెందుకు, ఆ కోపంలో సగం ఈర్ష్య. నా కూతురు అప్పుడప్పుడే నడక నేర్చుకుంటోంది. శనివారం సాయంత్రమైతే దేవరకొండ బస్సెక్కాలని ప్రాణం కొట్టుకునేది. వార్డెను హాస్టలు విడిచి వెళ్లకూడదని రూలు, నేను రూలు తప్పని మనిషిని. వీడు మాత్రం మనసైనప్పుడల్లా ఇంటికి పోయి వస్తున్నాడు.

తండ్రికి ఉత్తరం రాశాను. హాజరు తగ్గింది, మీరు పనికి పిలిపించుకోవడం మానకపోతే కొడుకు చదువు ఇంతటితో సరి అని. ఆయన పేరు బుచ్చయ్య. దీపావళి దాటాక వచ్చిన అమావాస్య నాడు మధ్యాహ్నం బస్సు దిగి నా గదికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“నేనెన్నడు పిలువలే సారూ,” అన్నాడు. “పడుగుకు మా అన్నదమ్ములున్నరు, వాళ్ల పిల్లలున్నరు. వీడే వస్తడు. వచ్చి మగ్గం గుంత పక్కన కూసుంటడు. ఏందిరా అంటె కాలేజీకి సెలవంటడు.”

మార్కండేయులు తలుపు దగ్గరే ఉన్నాడు. ఎందుకు అబద్ధమాడావని అడిగాను. తలుపు పట్టుకునే జవాబు చెప్పాడు.

“ఈడ నాకేం సమజైతలేదు సార్. అందరు రాసుకుంటరు, నేను గూడ రాసుకుంట. గదిల అందరు మాట్లాడుకుంటరు, నన్నెవరు పలకరియ్యరు. ఇంట్ల మా అవ్వ తిన్నవా అని అడుగుతది సార్. గంతే.”

ఇంటి మీద బెంగకు మాఫీ లేదు. మాఫీ లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష పోతే వాడు మళ్లీ కాలేజీ గడప తొక్కడని తండ్రికీ తెలుసు, నాకూ తెలుసు. ముగ్గురం ప్రిన్సిపాలుగారి గదికి వెళ్లాం. ఆయన రిజిస్టరు తిరగేసి, అబ్బాయిని మీరే పనికి పిలిపించుకున్నారా అని అడిగారు.

బుచ్చయ్య కొడుకు వైపు ఒకసారి చూశాడు. “ఔ సార్, నేనే పిలిపించుకున్న. తప్పు నాది,” అన్నాడు.

అంతకుముందే నా గదిలో ఏమన్నాడో నేను విన్నాను. ప్రిన్సిపాలుగారు కాగితం నా వైపు జరిపారు. ఉద్యోగంలో అంతవరకు అబద్ధం మీద సంతకం పెట్టలేదు. ఇంటి అవసరమేనని రాసి సంతకం పెట్టాను. ఇక ఒక్కరోజు మానినా ఈ మాఫీ చెల్లదని ప్రిన్సిపాలుగారు హెచ్చరించారు.

బయటికి వచ్చాక బుచ్చయ్య కొడుకుతో అన్నాడు: “పరీక్షలయ్యెదాంక నువ్వు రాకు. అమాసకమాసకు నేనే వస్త.”

అన్న మాట తప్పలేదు. అయిదు గంటల ప్రయాణం చేసి ప్రతి అమావాస్యకూ వచ్చేవాడు. ఇద్దరూ వరండాలో కూర్చునేవాళ్లు. పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. తెచ్చిన సద్ది మూట విప్పి, కొడుకు తింటుంటే చూసి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేవాడు. ఆ సద్ది మరో ఇద్దరు కుర్రాళ్లకు పంచడంతో మార్కండేయులుకు గదిలో స్నేహాలు కుదిరాయి.

సంక్రాంతి దాటాక ఒక అమావాస్యకు ఆయన రాలేదు. మార్కండేయులు ప్రాక్టికల్ ముగించుకుని వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. నేనూ వరండాలోకి వచ్చి నిలబడ్డాను. చివరి బస్సు కూడా వచ్చి పోయింది. వాడు లోపలికి వెళ్లి పుస్తకం తీశాడు. బస్సు దారిలో చెడిపోయి తండ్రి సగం నుంచే వెనుదిరిగాడని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం నేను ఎవరి కోసం అంతసేపు నిలబడ్డానో మాత్రం నాకు అప్పుడే అర్థమైంది. హాస్టలు గోడ పక్కనే కిరాయికి ఇల్లు చూస్తున్నాను, అమ్మాయిని తీసుకుని వచ్చేయమని మర్నాడే దేవరకొండకు నా భార్యకు ఉత్తరం రాశాను.

మార్కండేయులు పి.యు.సి. సెకండు క్లాసులో పాసయ్యాడు. నేను ఆ తర్వాత మరో మూడు కాలేజీల్లో వార్డెనుగా పనిచేశాను. అబద్ధపు సంతకం అదొక్కటే. అయితే చేరే రోజున కొడుకును దింపడానికి వచ్చిన ప్రతి తండ్రినీ హాజరు రూళ్లు చెప్పకముందే ఒక మాట అడిగేవాణ్ని: మీకు సెలవు ఏ రోజు?