రజిత ఆపతి డబ్బా

ఒక అబద్ధం ఇన్నేళ్లుగా నా గుండెల మీద కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. వినడానికి చాలా చిన్న విషయం. కాఫీ పొడి సంగతి. కానీ దానివల్ల ఒక మనిషి చేతిలో పని పోయింది, ఊరు పోయింది.

మాది మంథని. గోదావరి బాగా పొంగితే మా వాడలోకి నీళ్లు వస్తాయి. ఒక ఏడు అట్లా వచ్చి, దుకాణాలు మునిగి, పెద్దపల్లి బస్సులు బందయ్యాయి. అప్పుడు ఇళ్లలో బియ్యం ఉన్నా, వేడిగా ఒక గుక్క తాగడానికి ఏమీ లేక జనం అల్లాడారు. మా వాడ కోడలు రజితకు ఆలోచన వచ్చింది అప్పుడే. పెళ్లికి ముందు ఆమె కరీంనగర్‌లో కాఫీ పొడి దుకాణంలో పనిచేసింది. సీల్ వేసే చిన్న మిషన్ ఒకటి కొనుక్కుంది. కాఫీ పొడి, పాలపొడి, చక్కెర వేర్వేరు మందపాటి కవర్లలో పోసి, గాలి తీసి, సీల్ వేసి, రేకు డబ్బాలో సర్ది, మూత చుట్టూ టేపు అంటించేది. ఆపదలో అక్కరకొస్తుందని దాన్ని ‘ఆపతి డబ్బా’ అనేది. ఇంటింటికీ అమ్మింది. చెన్నూరులో ఒక దుకాణం ఆయన కూడా తెమ్మన్నాడు. రజిత నడకే మారిపోయింది ఆ రోజుల్లో.

మాది మేడ ఇల్లు. నీళ్లొస్తే వాడంతా మా పైగదులకే ఎక్కుతుంది. అందుకని అందరూ కలిసి ఒక పెద్ద డబ్బా కొని మా పైగది అల్మారాలో పెట్టించారు. రజితే మోసుకొచ్చింది. గాలి తగిలితే వాసన పోతుందని, తడి తగిలితే బూజు పడుతుందని, ఆపతి వచ్చేదాకా విప్పవద్దని చెప్పింది.

నేను విప్పాను.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం. తల పగిలిపోతోంది. ఇంట్లో కాఫీ పొడి లేదు, బయట వాన. ఒక్క చెంచాకే ఏమవుతుందిలే అనుకుని కవరు అంచు కత్తిరించాను. నిన్ననే వేయించి పొడి కొట్టినట్టు వాసన వచ్చింది. ఆ వాసనకే సగం తలనొప్పి తగ్గింది. ఆ తర్వాత ఇంకో రోజు తీశాను. ఇంకో రోజు. ఒకసారి చెంచా తడిగానే ఉంది, చూసి కూడా ముంచాను. చివరికి భయమేసి, కత్తిరించిన అంచును కొవ్వొత్తి మంట మీద పెట్టి అతికించాను. మూతకు కొత్త టేపు వేశాను. కొత్త పొడి కవరు తెచ్చి డబ్బాలో పెట్టేద్దామనే అనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను. గోదావరి నా కోసం ఆగుతుందా?

నీళ్లొచ్చాయి. వాడంతా తడిసి వణుకుతూ మా మేడ ఎక్కింది. ముసలివాళ్లకు మా దుప్పట్లు కప్పాను, పిల్లలకు అన్నం పెట్టాను. ‘నీ పుణ్యమమ్మా’ అని అందరూ అంటుంటే, నిజం చెప్పాలంటే, నాకు బాగుంది. పొయ్యి మీద నీళ్లు మరుగుతుండగా రజిత సంబరంగా డబ్బా తెచ్చి టేపు పీకింది.

పొడి గడ్డ కట్టి ఉంది. గడ్డల మీద తెల్లటి బూజు.

రజిత అత్త అందుకుంది: “గిదేనా నువ్వు చేసే యాపారం? మంది ముంగట ఇజ్జత్ తీస్తివి గదనే!”

రజిత ఆమె వైపు చూడలేదు. కవరు అంచును వేళ్లతో తడుముతోంది. మెల్లగా నా దగ్గరికి వచ్చింది.

“అక్కా, గిది నా మిషిన్ సీల్ కాదు. నువ్వేమన్న ఇప్పినవా? ఇప్పితె ఇప్పిన్నని చెప్పు, నేనేమనుకోను.”

“నేనెందుకు ఇప్పుత రజితా? నువ్వు పెట్టినకాడ్నే ఉన్నది. నేను ముట్టనే ముట్టలే.”

అంతే. ఆమె ఇంకేం అడగలేదు. నా ఇంట్లో, నా చాప మీద నిలబడి, నన్ను రెండోసారి ఎట్లా అడుగుతుంది? బూజు చూశాక ఆ డబ్బాలోని పాలపొడి, చక్కెర కూడా ఎవరూ ముట్టలేదు, ఆ రోజు అందరం ఉత్త వేడినీళ్లు తాగాం.

ఎందుకు అబద్ధమాడాను? కాఫీ పొడి దొంగ అంటారనా? అననివ్వండి, నవ్వి మరిచిపోయేవారు. నన్ను దేవతలా చూస్తున్న ఆ కాసేపటి చూపుల్ని పోగొట్టుకోలేక, పాతికేళ్లు దాటని ఒక ఆడపిల్ల ధైర్యం చేసి నిలబెట్టుకున్న పనిని వాళ్ల కాళ్ల కింద పడేశానని ఇప్పుడు తెలుస్తోంది. ఇప్పుడేనా? అప్పుడు తెలియలేదా? తెలుసు. నోరు తెరిచే ముందే తెలుసు.

నీళ్లు తీశాక కొన్నవాళ్లంతా తమ డబ్బాలు విప్పి చూసుకున్నారు. వాటిలో పొడి బాగానే ఉంది. అయినా నమ్మకం కుదరలేదు. ‘ఇయ్యాల మంచిగున్నది, ఏడాదైతే ఎట్లుంటదో’ అన్నారు. విప్పిన డబ్బా ఇంక నిల్వకు పనికిరాదు కదా, తెచ్చి రజిత గడపలో పెట్టిపోయారు. చెన్నూరు ఆయన వద్దన్నాడు. ఇంట్లో అత్త మాటలు ఆగలేదు. మిషన్ అమ్మేశారు. ఆ ఎండాకాలమే మొగుడూ పెళ్లాలు సిరిసిల్ల పోయారు. అతనికి మరమగ్గాల మీద పని దొరికింది. రజిత బీడీలు చేస్తోందని విన్నాను.

పోయిన నెల కరీంనగర్ బస్టాండులో కనిపించింది. తనే పలకరించింది. “మోకాళ్ల నొప్పులు తగ్గినయా అక్కా?” అంది. చిక్కిపోయింది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఈలోపు సిరిసిల్ల బస్సు వచ్చింది, ఆమె ఎక్కింది. బస్సు రాకపోయినా చెప్పేదాన్ని కాదేమో.

ఇదంతా రాశాక నాకు ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది. అందుకూ సిగ్గేస్తోంది. తేలిక నాకే దక్కింది, ఆమెకు ఏమీ దక్కలేదు. సిరిసిల్ల పోయి ఆమె ముందు నిలబడతానని మీకు మాట ఇవ్వాలని ఉంది. ఇవ్వను. నా మాట ఎంతటిదో ఇప్పుడు మీకూ తెలుసు. ఇంతకాలం నాకొక్కదానికే తెలిసిన నిజం మీకు చెప్పాను. ప్రస్తుతానికి నాకు చేతనైంది ఇంతే.