నాయన విన్న టైరు

ఎనిమిది మంది పాల్గొన్న కార్ల పోటీలో తొమ్మిదో స్థానం అంటూ ఒకటి ఉంటే, అది కచ్చితంగా నాకే దక్కేది. అదీ నిజం కారుతో కాదండీ, అనంతపురంలో ఒక వీడియో గేముల షాపులో, తెర మీద తిరిగే బొమ్మ కారుతో. దాంతో ఎంత నాశనం చేయొచ్చో చెబుతాను, వినండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. తెలివి మాత్రం ఇంకా బయల్దేరలేదు. పోటీకి నాయన కూడా వస్తానన్నాడు. వేరుశనగ లోడు లారీ తోలినంత కాలం తోలి, షుగరుతో చూపు పోయి, గార్లదిన్నెలో ఇంటిపట్టునే ఉండేవాడు. ఇంట్లో నేను ఈ గేమే ఆడుతుంటే పక్కన కూర్చుని ఆ ఇంజను మోత వినేవాడు. ఆయన మొహం విప్పారేది ఆ కాసేపే.

"నువ్వొచ్చి ఏం చూస్తావు నాయనా?"

"చూసేదేముండాదప్పా, మోత ఇంటా."

రేసు ఇరవై చుట్లు. మెత్తటి టైర్లు వేస్తే కారు దూసుకుపోతుంది, కానీ త్వరగా అరుగుతాయి. అందుకని అందరూ మధ్యలో ఒకసారి ఆగి మార్చుకుంటారు. నా మహా పథకం వేరు: మెత్తటి టైర్లే వేస్తాను, ఎక్కడా ఆగను!

పన్నెండో చుట్టుకు నేనే ముందున్నాను. వెనక కుర్చీలోంచి నాయన వంగాడు.

"రేయ్, ఎనక టైరు ఏడుస్తాండాది. మార్చుకో."

"ఇది నీ లారీ కాదు నాయనా, గేము!"

"యాడైనా టైరు టైరేరా. మలుపులో జారేది ఇనపడ్తాండాది."

తెర మూలన టైరు బొమ్మ ఎర్రగా మెరుస్తోంది. పెళ్లి పందిరి లైట్లను చూసినట్టు చూసి ఊరుకున్నాను. పందొమ్మిదో చుట్టులో టైరు పేలింది. కారు బొంగరంలా తిరిగి గోడను కౌగిలించుకుంది. నడుమ లేచి ఫోను మాట్లాడొచ్చినవాడు కూడా నన్ను దాటిపోయాడు. షాపంతా ఒకటే నవ్వు.

అక్కడితో ఆగుంటే బాగుండేది. వెనక్కి తిరిగి అరిచాను.

"నువ్వు మాట్లాడబట్టే పోయింది! కండ్లు కనపడనోడివి, నీకెందుకు ఇవన్నీ?"

నవ్వులు ఆగిపోయాయి.

"అవునప్పా, నోరు మూసుకోనుండల్ల నేను" అని నాయన చేత్తో తడుముతూ కర్ర వెతుక్కున్నాడు. అది నా కుర్చీ కిందే ఉంది. నేను వంగలేదు. షాపాయన వచ్చి తీసిచ్చాడు.

ఆ తర్వాత నేను ఆట మొదలుపెడితే నాయన లేచి అరుగు మీదికి పోయేవాడు. ఆయనకు వినబడాలని సౌండు పెంచేవాణ్ని. మార్చమని కేకేస్తాడేమోనని కావాలనే అరిగిన టైర్లతో తోలేవాణ్ని. అలా ఎన్ని పేల్చానో లెక్కలేదు. ఒకరోజు మాత్రం బయటి నుంచి గొంతు వినిపించింది.

"పగిలిందా?"

"పగిలింది నాయనా. ఎప్పుడు మార్చాల్సిందో చెప్పు."

"నాకేం తెల్సప్పా."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను: నాయన టైరు గురించి సలహా చెబితే ఇక ఈ జన్మలో ఎదురు మాట్లాడను. ఆ మాట తప్పిన పాపం నాకు ఇంతవరకూ అంటలేదు. ఆయన మళ్లీ చెబితే కదా!