మునిగిన ఊరికి పెళ్ళిచూపులు

నా చేతిలో సబ్బుబిళ్ళంత డబ్బా ఒకటి మా వంశం పరువును నీళ్ళపాలు చేసింది. మాటవరసకు అంటున్నాననుకోకండి, నిజంగా నీళ్ళలోకే తీసుకెళ్ళింది. ప్రాణనష్టం జరగలేదు. నష్టం జరిగింది మొత్తం నా మెడ నిటారుతనానికే.

ముందుగా మా మెడ సంగతి చెప్పాలి. మా తాతగారు బండి కడితే, దారి చూపటానికి ముందు ఒక మనిషి నడిచేవాడట. కాబట్టి మా ఇంట్లో మగవాళ్ళు ఎవరినీ దారి అడగరు. నా కాలానికి బండీ లేదు, ఎద్దులూ లేవు, పొలాలూ లేవు. నరసరావుపేట ఇంట్లో ముందు గదులు కూడా విత్తనాల కొట్టుకు అద్దెకిచ్చాం. నియమం మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని నిలబెడుతూ నేను గుంటూరుకని బయలుదేరి వినుకొండ చేరిన సందర్భం కూడా ఉంది. అడిగినవాళ్ళకు వినుకొండలోనే పనుందని చెప్పాను.

అలాంటి నాకు, అడగకుండానే దారి చెప్పే యంత్రం బజారులో దొరుకుతుందని తెలిస్తే ఊరుకుంటానా? కొని, తాతగారి పాత తెల్ల కారు అద్దానికి అతికించాను. బల్లిలా అంటుకుంది. అందులోంచి ఒకావిడ ఇంగ్లీషులో ఎటు తిరగాలో చెప్పేది.

"ఒరేయ్, ఆడమనిషి చెబితే నడుస్తావా? తాత మనవణ్ణంటావుగా!" అంది మా మేనత్త. నన్ను పెంచింది, ఇప్పటికీ సరిచేస్తున్నదీ ఆవిడే.

"అది యంత్రం అత్తయ్యా."

"మీ తాత మా అమ్మ చెప్పందే చెంబు ఎత్తేవాడు కాదులే. పోనీయ్."

ఆ రోజు అచ్చంపేట వైపు ఒక ఊళ్ళో నాకు పెళ్ళిచూపులు. ఊరి పేరు రాయను, మా మామగారికి అక్కడ కాస్త పరపతి ఉంది. అప్పటికే నన్ను చూసిన సంబంధాల వాళ్ళు, పిల్లాడికి ఆస్తి లేదన్న దానికన్నా, లేదన్న సంగతి పిల్లాడికింకా తెలియలేదని వెనక్కిపోయారు. "ఈ సంబంధం కూడా చెడగొట్టావో, జన్మంతా నా చేతి పచ్చడే తింటావు" అని అత్తయ్య ముందే చెప్పింది. ఆవిడ పచ్చడి తిన్నవాడిగా చెబుతున్నాను, అది మామూలు బెదిరింపు కాదు.

సత్తెనపల్లి దాటేదాకా డబ్బా బుద్ధిగానే ఉంది. ఆ తర్వాత తారు రోడ్డు మట్టి రోడ్డయింది, మట్టి రోడ్డు డొంకయింది, డొంకలో గడ్డి బంపరు ఎత్తున లేచింది.

"ఒరేయ్, ఒక్క మనిషీ కనపడట్లేదేంది? వాళ్ళకి ఫోన్ చెయ్."

"ఫోన్ చేసినా అడిగినట్టేగా!"

ఇంతలో డబ్బాలో ఆవిడ, పేరంటానికి పిలిచినంత తీయగా, గమ్యం చేరామంది. ఎదురుగా కృష్ణ నీళ్ళు! కనుచూపు మేర రిజర్వాయరు. గట్టు మీద ఒకాయన గేదెల్ని కడుగుతున్నాడు. నేను హుందాగా కారు దిగాను. దిగటం మోకాలి లోతు బురదలోకి.

దారి అడగకూడదు కదా, అందుకని ఆ నీళ్ళ వంకే చూస్తూ నిలబడ్డాను. అత్తయ్య అద్దం దించి ఊరి పేరు చెప్పి, "యాడ నాయనా?" అంది. ఆవిడకు పెళ్ళయి ఇంటిపేరు మారింది కాబట్టి ఆ అడగటం మా వంశం లెక్కలోకి రాదు. దయచేసి గమనించగలరు.

"సరిగ్గానే వచ్చారమ్మా. ఊరు లోపలుంది. దిగుతారా?" అన్నాడాయన నీళ్ళ మధ్యకు చెయ్యి చూపిస్తూ.

"లోపలేంది?"

"పులిచింతల నీళ్ళొచ్చి ఊరు మునిగి చానా ఏళ్ళయిందమ్మా. మమ్మల్నందర్నీ తీసుకెళ్ళి పైన కాలనీలో పెట్టారు. పేరు మాత్రం పాతదే." నా కారు అద్దం వైపు చూసి నవ్వాడు. "ఆ డబ్బా పెట్టుకొచ్చినోళ్ళంతా ఈడికే వస్తారయ్యా. దానికింకా కబురు అందలేదు."

ఊరు పోయినా పేరు పట్టుకుని తిరగటం మా ఇంట్లోనే అనుకున్నాను.

ఆయన అత్తయ్యకు చెప్పిన దారిన కాలనీ చేరాం. అన్ని ఇళ్ళూ ఒకేలా, అన్ని వీధులూ గీత గీసినట్టుండే ఆ కాలనీలో ఆడపిల్ల తరఫువాళ్ళు మమ్మల్ని బాగా చూసుకున్నారు. పెళ్ళికూతురు కస్తూరి కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"దారి తేలిగ్గానే దొరికిందా అండీ?" అంది.

"మా ఇంట్లో దారి అడిగే అలవాటు లేదు."

"ఆహా." ఆమె చూపు నా మోకాళ్ళ మీదికి దిగింది. "ఊరి పాత వీధులు బాగున్నాయా మరి?"

నాకు ఆ అమ్మాయి అక్కడికక్కడే నచ్చేసింది. కానీ నచ్చినట్టు కనపడటం మా ఇంటా వంటా లేదు. వాళ్ళ నాన్న, "రేపు ఇంకొకళ్ళు కూడా చూడటానికి వస్తామన్నారు. మీ మాటేదో తెలిస్తే..." అని నసిగాడు. అత్తయ్య బల్ల కింద నా తొడ గిల్లింది. నేను మెడ నిటారుగా పెట్టి, "ఇంటికెళ్ళి ఆలోచించి కబురు చేస్తాం" అన్నాను. మెడ తప్ప తక్కిన నేనంతా సరే అంటున్నాను.

కారెక్కగానే అత్తయ్య అందుకుంది. "రేపొచ్చేవాడు ఒప్పుకుంటే ఏం చేస్తావురా? పచ్చడికి కాయలు నువ్వే కోద్దువుగాని."

"మగపెళ్ళివారు వెంటనే సరే అంటే లోకువ కదత్తా."

డబ్బాలో గమ్యంగా మా ఇల్లు పెట్టాను. దాని లెక్కలో కాలనీయే లేదు. మా కారు చేలో తిరుగుతోందనుకుంది పాపం. దానికి తెలిసిన రోడ్డు ఎడమవైపు, నీళ్ళలో ఉంది. అందుకని సందు కనపడ్డప్పుడల్లా ఎడమకు తిరగమంది. తిరిగాను. మళ్ళీ ఎడమకంది. తిరిగాను. అలా ఎడమకు తిరుగుతూ పోతే ఎక్కడికి చేరతామో మీకు అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు.

"ఒరేయ్, ఆ నీలం గేటు ఇందాక చూడలా?"

"ఇక్కడ అన్ని గేట్లూ నీలమే."

"అన్ని గేట్ల ముందూ ఆ ముసలమ్మే నిలబడుద్దా?"

కస్తూరి నాయనమ్మ వీధి మధ్యకు వచ్చి, బస్సు ఆపినట్టు చెయ్యి ఎత్తింది.

"ఏందయ్యా, కబురు చేస్తామని పోయి మీరే వచ్చారు?"

లోపలినుంచి కస్తూరి, వాళ్ళ నాన్న, చుట్టాలు అందరూ బయటికొచ్చారు. ఒక్క క్షణంలో నా ముందు రెండు దారులు. దారి తప్పామని ఒప్పుకోవటం ఒకటి. రెండోది...

"ఆలోచించటం అయిపోయింది. సరే అని చెబుదామని వచ్చాం" అన్నాను.

అత్తయ్య నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. నేను చూస్తుండగా ఆవిడ నోరు దానంతటది మూతపడటం అదొక్కసారే.

"అంత నచ్చిందా మా పిల్ల! సందు కూడా దాటలేకపోయాడే!" అని ముసలమ్మ నా నోట్లో బెల్లం కుక్కింది. మళ్ళీ కాఫీలు, తాంబూలాలు. అంతా బాగుంది, కానీ ఇంటికి దారి ఇంకా తెలియదు. నా ముఖం చూసి అత్తయ్య గొంతు సవరించుకుంది.

"అన్నయ్యగారూ, మాటయ్యాక ఆడపెళ్ళివారు మెయిన్ రోడ్డు దాకా ముందుండి సాగనంపటం మా ఇంటి ఆచారమండీ."

అలాంటి ఆచారం మా ఇంట్లో ఆ నిమిషం దాకా లేదు. మా మామగారు వెంటనే మోటారుసైకిల్ తీశారు. తాతగారి తర్వాత మా వంశంలో బండికి ముందు మనిషి నడిచింది ఆ రోజే.

పెళ్ళయిన చానాళ్ళకు కస్తూరి నోరు విప్పింది. మా కారు ఆ వీధుల్లో గింగిరాలు తిరగటం డాబా మీద నుంచి చూసి, వీధిలోకి నాయనమ్మను పంపింది తనేనట.

"దారి తప్పామని తెలిసి కూడా ఎందుకు ఆపావు?"

"వదిలేస్తే మళ్ళీ నీళ్ళలోకి పోతారుగా!"

కాబట్టి పాఠకుల సాక్షిగా, మా తాతగారి మీద ఆన పెట్టి చెబుతున్నాను: ఇకమీదట ఏ పెళ్ళిచూపులకు వెళ్ళినా ఆ డబ్బాను కారెక్కించను.

ఈ వాక్యం నా భుజం మీదుగా చదివి కస్తూరి అడుగుతోంది, "ఏ పెళ్ళిచూపులకండీ?"

అత్తయ్య పచ్చడి జాడీ తీస్తున్న చప్పుడు వినపడుతోంది.